వెంట్రుకవాసి ఖాళీ

ఎలూల్ నెల వచ్చిందంటే లేఖకుడు బుగీద్‌కి తిండి తినడానికి కూడా తీరిక ఉండదు. కొత్త సంవత్సరం లోపల గుమ్మాలకున్న మెజూజాలు, అంటే దైవవాక్యం రాసిన తోలుచీటీ దాచిన గొట్టాలు, ఊడదీసి సరిచూపించుకోవాలన్న సంగతి యెరూషలేములో ప్రతి ఇంటికీ ఆ నెలలోనే గుర్తొస్తుంది. పదకొండు నెలలు లోపలి తోలుచీటీ మొహం కూడా చూడనివాళ్ళు పన్నెండో నెలలో "ఇవాళే కావాలి" అంటూ వచ్చి కూర్చుంటారు. మా సందువాళ్ళం ఇందులో అందరికంటే ఘనులం. ఆ ఆదివారం పొద్దుటికే కిటికీ పక్కనున్న అతని బల్ల మీద ప్లాస్టిక్ సంచులు గుట్టపడి ఉన్నాయి, ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క ఇంటి పేరు.

బుగీద్ ఒక చీటీని విప్పి, చుట్టుకుపోకుండా నాలుగు మూలలా గాజుబిళ్ళలు పెట్టి, భూతద్దం కంటికి బిగించుకున్నాడు. ఇరవై రెండు వరుసలు, ఏడువందల పదమూడు అక్షరాలు. మొదటిసారి ఏ అక్షరమైనా పోయిందా అని చూస్తాడు. రెండోసారి ఏ అక్షరం రూపమైనా చెడిందా అని చూస్తాడు. ఆ రెండోదే అసలు పని. హే అనే అక్షరం ఉందనుకోండి: పైన చూరు, కుడివైపు పెద్ద కాలు, ఎడమవైపు చిన్న కాలు. ఎడమ కాలికీ చూరుకీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ మూసుకుపోయిందా, ఇక అది హే కాదు, ఖేత్ అనే వేరే అక్షరం. దాంతో చీటీ మొత్తం చెల్లకుండా పోతుంది. డెబ్భై ఒకటో ఏట కూడా ఆ ఖాళీ దగ్గర అతని కన్ను పొరపడేది కాదు. "బుగీద్ చూశాడు" అంటే చాలు, మా పేటలో ఇంకొకరికి చూపించే పని లేదు.

తలుపు దగ్గర నీడ పడింది. ఎదురు వాటాలో ఉండే జొహారా కూతురు తిర్సా. ఆసుపత్రిలో నర్సు. ఈ మంగళవారం కాక పై మంగళవారం ఆ పిల్ల పెళ్ళి.

"రా అమ్మడూ, ఆ సంచులు కింద పెట్టి కూర్చో," అన్నాడు బుగీద్ ఓరకంట చూసి. "పెళ్ళికూతురివి, ఇంకా ఆ ఆసుపత్రి బట్టలేంటే?"

తిర్సా కూర్చోలేదు. "నా పెళ్ళి ఆపేశారు మావయ్యా," అంది.

అతను భూతద్దం తీశాడు. "ఎవరు? పెళ్ళికొడుకు ఎల్కనా వాళ్ళా?"

"కాదు, మత కోర్టువాళ్ళు. పెళ్ళి రాయించుకోడానికి పొద్దున్నే వెళ్ళాం కదా." ఆమె గొంతు మామూలుగానే ఉంది. చేతిసంచీ పట్టీని మాత్రం వేలికి చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకుంటోంది. "అమ్మ విడాకుల కాయితంలో సంవత్సరం నలభై ఎనిమిది అని ఉందంట. నేను పుట్టింది నలభై ఏడు. అంటే మొదటి మొగుడికి పెళ్ళాంగా ఉండగానే అమ్మ మా నాన్నకి నన్ను కన్నట్టంట. దానికో పేరుంది కదా. ఆ గుమస్తా పైకి అనలేకపోయాడు మావయ్యా. కాయితం ముక్క మీద రాసి నా వైపు తిప్పాడు."

ఏం రాశాడని బుగీద్ అడగలేదు. మమ్‌జేర్, అంటే నిషిద్ధ సంబంధానికి పుట్టిన బిడ్డ. మాలో ఆ మాట తిట్టుగా కూడా అంత తేలిగ్గా నోట్లోంచి రాదు. ఆ ముద్ర పడ్డ మనిషిని మామూలు యూదులెవరూ పెళ్ళాడకూడదు. ఆ మనిషి పిల్లల్నీ పెళ్ళాడకూడదు, ఆ పిల్లల పిల్లల్నీ పెళ్ళాడకూడదు. పది తరాల దాకా అంతే.

అతనికి ఒళ్ళు మండిపోయింది.

"నలభై ఎనిమిదేంటి నీ మొహం! నలభై అయిదు. మీ అమ్మ జెర్బా దీవి నుంచి తెచ్చిన కాయితం ఈ కళ్ళతో చూశాను." మా పంచాంగపు సంవత్సరాన్ని మేం అక్షరాల్లోనే రాస్తాం, ఒక్కో అక్షరం ఒక్కో అంకె. తావ్ నాలుగొందలు, షిన్ మూడొందలు, మేమ్ నలభై. పైనుండే అయిదు వేలూ ఎవరూ రాయరు. చివరి అక్షరం హే అయితే అయిదు, ఖేత్ అయితే ఎనిమిది. "హేకీ ఖేత్‌కీ తేడా తెలీనివాణ్ణి తెచ్చి కుర్చీలో కూర్చోబెడితే ఇంతే. వాడి కంటికి ఇంత ఖాళీ ఆనక ఆడపిల్ల బతుకు బజారున పడేస్తాడా? పద."

లోపల ఎండుమిరపకాయలు దంచుతున్న అతని భార్య మస్సూదా రోకలి ఆపి తొంగిచూసింది. "ఎక్కడికయ్యా, టీ అయినా తాక్కుండా?"

"వచ్చి తాగుతా. ముందొకడికి అక్షరాలు నేర్పాలి."

కోర్టు ఆఫీసులో వరస పెద్దదే ఉంది. బుగీద్ వరస చూడలేదు. గాజు అడ్డం అవతల కూర్చున్న గుమస్తా యోనదావ్ సన్నగా, పాతికేళ్ళవాడిలా ఉన్నాడు. "ఏమయ్యా, నీకు చదువు చెప్పిందెవరు?" అని మొదలుపెట్టి, హే అంటే ఏమిటో, ఖేత్ అంటే ఏమిటో, మూడేళ్ళ పిల్లలకి తేనె నాకించి చెప్పే పాఠం ఇతగాడికి ఎందుకు ఎక్కలేదో, నలుగురూ వినేలా అడిగాడు. వరసలో ఉన్నవాళ్ళు ముందు విసుక్కున్నా, తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. యోనదావ్ చెవులు ఎర్రబడ్డాయి. లేచి వెళ్ళి ఫైలు తెచ్చి, ఒక కాయితం బయటికి తీసి బల్ల మీద పెట్టాడు.

"మీరే చదవండి తాతగారూ. నేను తప్పు చదివుంటే ఇప్పుడే దిద్దేస్తాను. ఆవిడ పెళ్ళి కూడా ఇప్పుడే రాసేస్తాను."

బుగీద్ కాయితాన్ని తన వైపు తిప్పుకున్నాడు.

జెర్బా కాయితం కాదది. అందరూ చదవగలిగేలా చదరపు అక్షరాల్లో రాసిన నకలు. నిలువు గీతలన్నీ కొంచెం ఎడమకి వాలి ఉన్నాయి. ఆ వాలు ఎవరిదో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పాతికేళ్ళ కిందట జొహారా చిన్నపిల్లని చంకనేసుకుని మా సందుకి వచ్చినప్పుడు, ఆమె దగ్గరున్న కాయితం మడతల దగ్గర చిరిగి పీలికలైంది. పూర్తిగా రాలిపోకముందే నకలు రాసిపెట్టమని బతిమాలితే బుగీదే రాశాడు. మిగిలిన పీలికల్ని పాత పవిత్ర గ్రంథాలతో పాటు మట్టిలో పూడ్చారు. అదంతా ఇప్పుడు, ఆ బల్ల ముందు నిలబడ్డాక గుర్తొచ్చింది.

జేబులోంచి భూతద్దం తీశాడు. తావ్, షిన్, మేమ్. చివరి అక్షరం దగ్గర ఆగాడు. చూరు. కుడి కాలు. ఎడమ కాలు కింది నుంచి పైకి వెళ్ళి చూరులో కలిసిపోయింది. కాయితాన్ని వెలుగుకి ఎత్తి చూశాడు. సిరా ఊరి అంటుకున్నదేమో అనుకున్నాడు, ఊరిన జాడ లేదు. ఒక్క ఊపున గీసిన గీత. తెల్లగా ఒక్క పిసరు కూడా లేదు.

"చెప్పండి మావయ్యా," అంది తిర్సా పక్కనుంచి. "అయిదేగా?"

యోనదావ్ కలం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. అయిదు అంటే రాసేస్తాడు. బుగీద్ చూశాక మళ్ళీ చూసేదెవరు? మంగళవారం పెళ్ళి జరిగిపోతుంది. ఈ ఫైలు మళ్ళీ అటకెక్కుతుంది. బుగీద్ నోరు తెరిచాడు. యాభై ఏళ్ళుగా ఉన్నది ఉన్నట్టు చదవడానికే అలవాటుపడ్డ నోరది.

"ఎనిమిది," అన్నాడు.

వరసలో నవ్వుతున్నవాళ్ళు నవ్వు ఆపేశారు.

"ఎనిమిది అని ఉంది తల్లీ. కానీ అయిదు. ఇది నేను రాసిందే. తప్పు రాశాను."

యోనదావ్ కాయితం అడుగున ఉన్న పంక్తి మీద వేలు పెట్టి మెల్లిగా చదివాడు. "'అక్షరానికి అక్షరం సరిచూశాను, తేడా లేదు. లేఖకుడు బుగీద్.' ఈ సంతకం మీదేనా తాతగారూ?"

"నాదే."

గొంతులు విని లోపలి గదిలోంచి న్యాయాధికారే పిలిపించాడు. నెరిసిన గడ్డం, నిదానమైన మనిషి. మత న్యాయాధికారిని మేం దయాన్ అంటాం, ఈ దయాన్‌గారంటే పేటలో అందరికీ గౌరవం. అంతా విని గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఈ అమ్మాయికి నువ్వేమవుతావు?"

"చుట్టరికం ఏమీ లేదు దయాన్‌గారూ. ఎదురింటివాళ్ళం. మా చేతుల్లో పెరిగింది."

"అదే నేనూ అనేది. ఇవాళ నువ్వు ఎనిమిదిని అయిదంటే దాన్ని జాలి అంటారు, సాక్ష్యం అనరు. సాక్షి ఒకసారి చెప్పింది మళ్ళీ మార్చి చెప్పడానికి లేదు. ఈ నియమం నేను పెట్టింది కాదు, నీకూ తెలుసు." ఆయన తిర్సా వైపు చూడలేకపోయాడు. "అసలు కాయితం లేదు. జెర్బాలో విడాకులిప్పించిన పెద్దాయన లేడు. తల్లి మాట చాలదు, ఈ నకలు ఇచ్చిందే ఆవిడ. గురువారం దాకా ఆగుతాను. నీ నోరు కాకుండా ఇంకేదైనా ఉంటే పట్టుకురా. లేకపోతే నేను రాయాల్సింది రాయక తప్పదు."

తిరిగి వస్తూ బజారు చివర ఆలివ్‌కాయల బానల దగ్గర తిర్సా ఆగింది.

"అయిదు అనేస్తే సరిపోయేది కదా మావయ్యా."

"సరిపోయేది."

"మరి?"

"నోరు తిరగలేదు," అన్నాడు బుగీద్. ఆమె చేతిసంచీ భుజాన సర్దుకుని ముందుకి నడిచింది.

*

సోమవారం పొద్దున్నే జొహారా వచ్చింది. లోపలికి రాలేదు. కిటికీ బయటే, సందులో నిలబడి మాట్లాడింది. నాలుగిళ్ళవాళ్ళం విన్నాం.

"నా విడాకులు నాకు తెలీదా అన్నా? చేతులు చాపి నేనే పట్టుకున్నాను ఆ పత్రాన్ని. నలభై అయిదు, ఆదార్ నెల, బయట వాన. వాన పడ్డ సంగతి కూడా చెప్పాను ఆ దయాన్‌కి. 'వాన సంవత్సరం చెప్పదమ్మా' అన్నాడు." పైటకొంగులా భుజం మీదికి దిగిన తలగుడ్డని నెత్తి మీదికి లాక్కుంది. "జెర్బాకి ఫోన్ చేశాను. పాత పుస్తకాలన్నీ చెమ్మకి ముద్దయిపోయాయంట. నీ చేతి కాయితాన్ని పాతికేళ్ళు కళ్ళకద్దుకుని దాచాను అన్నా. నా చింకికాయితమే నాకుండనిస్తే పోయేది. చిరిగినా అది నిజం చెప్పేది."

"నిజమే జొహారా," అన్నాడు బుగీద్.

"నిజమే అంటే సరిపోయిందా? పెళ్ళికొడుకు తల్లి నిన్నటి నుంచి ఫోన్ ఎత్తట్లేదు. ఎల్కనా ఒక్కడే రాత్రి వచ్చి కూర్చున్నాడు. పిల్ల డ్యూటీకి పోయింది. ఇంట్లో ఉంటే నా మొహం చూడాల్సొస్తుందని పోయింది."

ఆమె వెళ్ళిపోయాక బుగీద్ బల్ల ముందు కూర్చుని ఒక చీటీ విప్పాడు. మొదటి వరుసలోనే ఆగిపోయాడు. ప్రతి హే ఖేత్‌లాగా కనపడుతోంది. కళ్ళు నులుముకుని చూస్తే ఖాళీ ఉంది. రెండో హే దగ్గర మళ్ళీ అదే. మధ్యాహ్నానికి ఒక్క చీటీ కూడా పూర్తి కాలేదు. జనం వచ్చి సంచులు అడుగుతుంటే మస్సూదా "రేపు రండి" అని పంపేసింది.

"ఇంతకీ నోరు కాకుండా ఏం తెమ్మన్నాడయ్యా ఆయన?" అంది, అతని ముందు కుస్‌కుస్ పళ్ళెం పెడుతూ.

"ఏదైనా."

"నీకు నోరు కాక ఉన్నది చెయ్యేగా. యాభై ఏళ్ళు అదే మనకి అన్నం పెట్టింది. ఆ నకలు రాసిన రోజుల్లో నువ్వే మెజూజాలు రాసేవాడివి కదా, ఇలా సరిచూడ్డం కాకుండా. అదే కలం, అదే చెయ్యి. అప్పుడు నీ హే ఎలా ఉండేదో వాళ్ళకి చూపిస్తే..."

ఆమె మాట మధ్యలో ఆపేసింది. బుగీద్ చెంచా పళ్ళెంలో పెట్టి ఆమెనే చూస్తున్నాడు. ఆమె అన్నదేమిటో ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఆ ఏడాది రాసిన మెజూజాల్లో ఖాళీ మూసుకుపోయిన హేలు దొరికితే తిర్సా బయటపడుతుంది. దొరికాయంటే, ఆ ఏడాది బుగీద్ రాసినవేవీ చెల్లనట్టే. ఇక అతను చూసి బాగుందన్న చీటీని నమ్మేదెవరు?

"నేనన్నది అది కాదయ్యా," అంది మస్సూదా.

"నువ్వన్నది అదే."

*

మంగళవారం అతను మొదట ఖలీఫా కూరగాయల కొట్టుకి వెళ్ళాడు. ఖలీఫా కొట్టు తెరిచింది ఆ ఏడాదే, గుమ్మానికి మెజూజా రాసిచ్చింది బుగీదే. "ఎలూల్ కదా, నేనే వచ్చాను" అని అబద్ధమాడి, మేకులు ఊడదీసి, దోసకాయల బుట్ట పక్కకి జరిపి గల్లా బల్ల మీదే చీటీ విప్పాడు. ఖలీఫా వినేవాళ్ళు దొరికారు కదా అని టమాటా ధర గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. ఏడువందల పదమూడు అక్షరాలు. ప్రతి హేకీ ఖాళీ ఉంది. శుభ్రమైన రాత. ఇంత బాగా రాసేవాణ్ణా అనిపించేంత శుభ్రం.

బుగీద్ ఊపిరి వదిలాడు. ఆ పిల్ల దారి మూసుకుపోతుంటే తనకి ఊపిరి ఆడినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"బాగుందా బుగీద్ గారూ?"

"బాగుంది. ఏ లోటూ లేదు."

అక్కణ్ణుంచి తిన్నగా జొహారా ఇంటికి వెళ్ళాడు. ఆమె ఆ వాటాలో దిగిన వారమే, ఆ నకలు రాసిన వారమే, గుమ్మానికి మెజూజా రాసి తన చేత్తోనే కొట్టాడు; బుగీద్ రాసిందే కదా అని మళ్ళీ ఎవరూ దాన్ని విప్పి చూడలేదు. జొహారా ఎందుకని అడగలేదు, పీట తెచ్చి వేసింది. రేకు గొట్టం మేకుల దగ్గర తుప్పుపట్టింది. ముద్దులతో, వేళ్ళతో ఒకవైపు పాలిష్ పోయి తెల్లబడింది. గొట్టంలోంచి చీటీని చిటికెన వేలితో లాగి, వంటింటి బల్ల మీద పరిచాడు. గాజుబిళ్ళలు తేవడం మర్చిపోయాడు. జొహారా నాలుగు టీగ్లాసులు మూలకొకటి పెట్టింది.

తొమ్మిది వరుసలు బాగానే ఉన్నాయి. పదో వరుస బాగానే ఉంది. పదకొండో వరుసలో అతని వేలు ఆగింది. భూతద్దాన్ని తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. చూరు. కుడి కాలు. ఎడమ కాలు పైదాకా పోయి అంటుకుంది. కోర్టులో చూసిన గీతే. అదే ఊపు, అదే వాలు. పదిహేనో వరుసలో ఇంకొకటి. ఇరవయ్యో వరుసలో ఇంకొకటి.

ఇలా ఉండొచ్చని అతనికి నిన్నటి నుంచీ తెలుసు. వెతుక్కుంటూ వచ్చిందీ ఇందుకే. అయినా ఈ తప్పు చేసినందుకు ఎంతమంది కుర్రలేఖకుల్ని నలుగురిలో నిలబెట్టి కడిగేశాడో, ఒక్కొక్కరి మొహం కనపడుతోంది. మొన్న గాజు అడ్డం అవతల ఎర్రబడ్డ యోనదావ్ చెవులు కూడా.

"ఏంటన్నా? ఏం కనపడింది?"

"మీ గుమ్మానికి పాతికేళ్ళుగా మెజూజా లేదు జొహారా."

"మరి నేను రోజూ ముద్దుపెట్టుకున్నదేంటి?"

"తోలుముక్క."

జొహారా గుమ్మం వైపు చూసింది. మేకుల చిల్లులు రెండూ తెల్లగా కనపడుతున్నాయి. "మా ఆయన ఈ ఇంట్లోనే పోయాడు," అంది. ఇంటిని కాపాడేది అదే అని మేమంతా నమ్ముతాం. చిన్నపిల్లల్ని ఎత్తి మరీ ముట్టిస్తాం. "జబ్బుపడ్డాక కూడా లేచి వెళ్ళి దాన్ని ముట్టుకుని వచ్చేవాడు. గోడ పట్టుకుని నడిచేవాడు అన్నా."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. నాలుగు గ్లాసులూ ఒక్కొక్కటే తీసి కడిగి బోర్లించింది. చీటీ దానంతట అదే చుట్టుకుంది.

ఆ సాయంత్రం మస్సూదా విని, కొంగుతో మొహం తుడుచుకుని, ఒకే మాట అంది. "పూడ్చెయ్యి దాన్ని. కొత్తది కొట్టు. ఎవరికి తెలుస్తుంది?"

"జొహారాకి తెలుసు."

"జొహారా నా మాట వింటుంది. పిల్లకి ఇంకో దారి దొరక్కపోదు."

"ఏం దారి? చెప్పు."

మస్సూదా బల్ల మీది సంచుల గుట్ట వైపు, వాటి మీది ఇళ్ళ పేర్ల వైపు చూసింది. ఆ పేర్లు సగం ఆమె రాసినవే. ఆ పిల్లకి మొదటి జడ వేసింది కూడా ఆమే. చివరికి లేచి, బుగీద్ పండగలకి వేసుకునే నల్ల కోటు తీసి, గురువారం కోసమని ఇస్త్రీ చెయ్యడం మొదలుపెట్టింది. బుధవారం పొద్దున ఇద్దరూ కలిసి సంచులన్నీ ఇంటింటికీ తిరిగి ఇచ్చేశారు. "ఇంకొకరికి చూపించుకోండి" అన్నాడు బుగీద్. ఎందుకని అడిగితే, "రేపు మీకే తెలుస్తుంది" అన్నాడు.

*

గురువారం దయాన్ గదిలో తిర్సా, ఎల్కనా గోడవార బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నారు. మధ్యలో ఇంకొకరు పట్టేంత దూరం ఉంది. జొహారా నిలబడే ఉంది. బుగీద్ చీటీని బల్ల మీద పెట్టి, ఎప్పుడు రాశాడో, ఎవరి గుమ్మానిదో చెప్పాడు. నకలు రాసిన వారమే దాన్ని గుమ్మానికి కొట్టాడని జొహారా చెప్పింది. దయాన్ భూతద్దం పెట్టి మూడు చోట్లా చూశాడు. తల ఎత్తి యోనదావ్‌తో, "పక్క బడి నుంచి ఒక పిల్లవాణ్ణి తీసుకురా," అన్నాడు. "మరీ తెలివైనవాడొద్దు, మరీ మొద్దువాడూ వద్దు. అక్షరాలొస్తే చాలు."

ఇది మా పద్ధతి. అక్షరం హేనా ఖేతా అని పెద్దవాళ్ళకి సందేహమొస్తే, ముందూ వెనకా అర్థం తెలీని పిల్లవాడికి చూపిస్తారు. వాడి కంటికి ఏది కనపడితే అదే అక్షరం. పెద్దవాళ్ళ కన్ను కావాల్సింది చూస్తుంది.

ఆరేళ్ళవాడు వచ్చాడు. పెన్సిల్ చెవి మీద పెట్టుకునే ఉన్నాడు. ఇంతమంది పెద్దవాళ్ళని చూసి గుమ్మం దగ్గరే ఆగితే యోనదావ్ చెయ్యి పట్టి తీసుకొచ్చాడు. దయాన్ చీటీ మీద చుట్టూ ఉన్న అక్షరాలకి కాయితం ముక్కలు అడ్డుపెట్టి, ఒక్కటి మాత్రం కనపడనిచ్చాడు.

"ఇదేంటి నాన్నా?"

పిల్లవాడు వంగి చూశాడు. "ఖేత్."

"ఇది?"

"ఖేత్."

"ఇది?"

"ఇదీ ఖేతే. అన్నీ అవే అడుగుతున్నారేంటి?"

దయాన్ నకలు తీసుకుని, సంవత్సరం చివరి అక్షరం ఒక్కటీ కనపడేలా పెట్టాడు.

"ఇది కూడా అదే ఖేత్," అన్నాడు పిల్లవాడు. "ఇందాకటి ఆయనే రాశాడు."

వాడికి మిఠాయి ఇచ్చి పంపేశారు. దయాన్ అడ్డుపెట్టిన కాయితం ముక్కలు ఒక్కొక్కటే తీశాడు. మెజూజాలో ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో లోకంలో యూదులందరికీ నోటికొచ్చు. ఆ మూడు చోట్లా ఉండాల్సింది హే.

"హే ఉండాల్సిన చోట ఈ చెయ్యి ఖేత్ రాసింది," అన్నాడు ఆయన. "ఒకసారి కాదు, ఆ వారంలోనే మూడుసార్లు. కాబట్టి ఈ నకల్లో ఉన్న ఖేత్ ఎనిమిదే అని నేను నమ్మడానికి లేదు. జొహారాకి రెండో పెళ్ళి చేసినవాళ్ళు ఆనాడు ఆమెని చేసుకోవచ్చనే చేశారు. ఆ మాటే నిలుస్తుంది. అమ్మాయి మీద ఏ మచ్చా లేదు. యోనదావ్, మంగళవారానికి రాసెయ్యి."

తిర్సా ఏడవలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వాటిని ఎవరివో అన్నట్టు చూసుకుంది. ఎల్కనా బెంచీ మీద ఆమె పక్కకి జరిగాడు. జొహారా అప్పటికి కూర్చుంది.

"ఇక నీ సంగతి బుగీద్," అన్నాడు దయాన్. "ఆ ఏడాది ఎన్ని రాశావు?"

"రెండొందలకి పైనే ఉంటాయి."

"అన్నీ దించి చూపించుకోమని రేపు ప్రార్థనాలయాలన్నిటిలో చదివించాలి. నీ పేరుతోనే. ఆ తర్వాత నువ్వు సరిచూసినవాటి గురించి కూడా జనం అడుగుతారు."

"అడుగుతారు. నిన్న పొద్దునే సంచులన్నీ ఇచ్చేశాను."

దయాన్ భూతద్దాన్ని బల్ల మీద అటూ ఇటూ తిప్పాడు. "మా వీధి గుమ్మానిది కూడా ఆ ఏడాదిదే," అన్నాడు చివరికి. "మా అబ్బాయి పుట్టినప్పుడు నువ్వే తెచ్చిచ్చావు. వాణ్ణి ఎత్తుకుని దానికి తాకించావు."

బుగీద్‌కి ఆ సంగతి గుర్తులేదు.

యోనదావ్ వాంగ్మూలం రాసి తెచ్చాడు. ఫలానా సంవత్సరంలో నా చెయ్యి పొరపడింది, ఈ చీటీయే అందుకు రుజువు, అని నాలుగే పంక్తులు. సంతకం, తేదీ బుగీదే వెయ్యాలి. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పేరు రాశాడు. రోజు రాశాడు, నెల రాశాడు. తావ్, షిన్, డెబ్భైకి అయిన్. ఈ ఏడాది కూడా అయిదుతోనే ముగుస్తుంది. చూరు గీశాడు. కుడి కాలు దించాడు. కలం ఎత్తి, గుడ్డకి తుడిచి, ఎడమ కాలు కింది నుంచి మొదలుపెట్టి, పైకి పోకముందే ఆపాడు.

యోనదావ్ కాయితం అందుకుని ఫైల్లో పెట్టబోయి ఆగాడు. బుగీద్ వైపు చూడకుండా దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుగుకి ఎత్తి, చివరి అక్షరాన్ని చూశాడు. దయాన్ బల్ల మీది భూతద్దం అడిగి తీసుకుని మళ్ళీ చూశాడు.

"ఖాళీ ఉంది తాతగారూ," అన్నాడు.

"నీ ఒక్కడి కన్నూ చాలదు," అన్నాడు బుగీద్. "ఇంకొకరికి కూడా చూపించు."

యోనదావ్ కాయితం పట్టుకుని పక్కగదిలోకి వెళ్ళాడు. అతను తిరిగి వచ్చేదాకా బుగీద్ ఆ కుర్చీలోంచి లేవలేదు.